గూడు

కలెక్టరాఫీసు వరండాలో
గుమాస్తా నాలికతో తడిపి అంటించిన స్టాంపు మీద
అడ్డంగా సంతకం పెట్టినాను.
ఇరవై మూడేళ్ళు నాకు. ఉద్యోగమొచ్చిందన్న తొందర.
పదకొండో షరతు చదవలేదు:
అవసరమైనచో నాలుగేళ్ళు
సైన్యమునందు పనిచేయవలెను, ఎక్కడికి పంపినను.

అవసరం మరుసటేడే వచ్చింది.

మిషనాస్పత్రిలో ఆయా మా అమ్మ రాహేలు.
రేకు పెట్టెలో శనిక్కాయ ఉండలు పెట్టి,
బైబిలూ స్లైడ్‌రూలూ ఒకే తువ్వాల్లో చుట్టింది.
రెండూ లెక్క అడిగేవే అనుకుందేమో.

అక్కడ నా పేరు ఎవరికీ నోరు తిరగలేదు.
తీతు కాస్తా టైటస్,
టైటస్ కాస్తా టైట్ సాబ్.

తుపాకి శుభ్రం చేయడం నేర్పినారు, కాల్చే పని పడలేదు.
నా పని వంతెనలు.
ఆ చలికి కాంక్రీటు గట్టిపడదు.
చుట్టూ కుంపట్లు పెట్టి, గోనెలు కప్పి
రాత్రంతా బాలింతను కాచినట్టు కాచినాము.

నక్షాలో ప్రతి స్తంభం మొదట్లోనూ
ఎర్రసిరాతో చిన్న చదరం.
నీళ్ళు పోవడానికా సార్, అన్నాను.
మేజరు నవ్వలేదు.
వాళ్ళు దాటకముందే మనమే కూల్చాల్సొస్తే
మందు పెట్టను చోటుండాలి గదా, అన్నాడు.

అడుగున్నర ఎత్తు, అడుగు వెడల్పు.
మా ఇంటి గోడలో దీపం గూడు కూడా అంతే.

ఏ గూట్లో ఎంత మందు పట్టాలో
ఆ లెక్క కూడా నాకే ఇచ్చినారు.
స్లైడ్‌రూలు కదిపినాను. జవాబొచ్చింది.
రెండోసారి చేసినా అదే.
తప్పు రావాలని
పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి కోరుకున్నాను.

హవల్దారు నందాబల్లభ్ బ్రాహ్మడు, నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్ద.
క్రిస్మసు రాత్రి ఖాళీ పాలడబ్బాలో కొవ్వొత్తి నిలబెట్టి తెచ్చి,
మీ దేవుడు వడ్రంగి గదా సాబ్,
కొయ్య ఇళ్ళకీ పోతుందని, సిలువకీ పోతుందని
ఆయనకి తెలీదా, అన్నాడు.
నా దగ్గర జవాబు లేదు.
కొవ్వొత్తి అయిపోయేదాకా ఇద్దరం చేతులు కాచుకున్నాము.

సెలవుకొచ్చినాను.
పాస్టరయ్య యూనిఫారంలోనే రమ్మన్నాడు.
ముందు బెంచీ. పిల్లలు బూట్లకేసే చూస్తాండారు.
ఆజ్ఞలు వరసగా చెప్తావుంటే
ఆరోదాని దగ్గర సంఘమంతా ఒక్క గొంతయింది.
నేను పెదాలు మాత్రం కదిపినాను.

ఇంట్లో అమ్మ అడిగింది, పొయ్యికేసి తిరిగే:
ఎవురినన్నా కాల్చినావా నాయినా?
లేదుమా, వంతెనలు కడతాండా.
స్తోత్రం, అని
సంగటి ముద్ద నడుమ గుంత చేసి
పులుసు పోసింది.
ఆ గుంతను చూస్తా కూచున్నాను, చెయ్యి పెట్టకుండా.
ఉప్పు చాలలేదా, అంది.

పొద్దుగూకే వేళ నీవా వంతెన కిందికి దిగినాను.
ఏట్లో నీళ్ళెప్పుడో గాని రావు.
ఇసుకలో చెలమ తవ్వుతాండారు ఇద్దరు ఆడబిడ్డలు.
దొరల కాలం నాటి రాతి కమాన్లు.
ఒక్కో స్తంభం చుట్టూ తిరిగి తడిమినాను:
సున్నం, పాచి, రాయి, మళ్ళీ సున్నం.
కట్టినోడెవడో, కూల్చే మాట అనుకోనట్టుంది.
లేక అనుకుని, చెయ్యి రాలేదో.

మూడో స్తంభానికి ఒకచోట రాయి ఊడి సందు.
గుండె గబుక్కుమంది.
లోపల ఎవరో దాచుకున్న బీడీకట్ట.
తీసినట్టే మళ్ళీ పెట్టేసినాను.

పైన బెల్లం మండీకి పోయే బండి ఆగింది.
పన్నెండు బస్తాలు, రెండెద్దులు, ఒక మనిషి,
లెక్క కట్టకుండా ఉండలేకపోయినాను.
పిట్టగోడ మీంచి వంగి అడిగినాడు:
ఏం పోగొట్టుకుంటివబ్బా ఆడ?

గూడు ఎతకతాండానన్నా.

పిచ్చుకదా? అని నవ్వి
ఎద్దుల్ని అదిలించినాడు.
వంతెన రవ్వంత అదిరింది, నిలబడింది.
నా టోపీ మీద సున్నప్పొడి రాలింది.